బండగిన్నె పూసిన ఏడాది

మొక్కల పరిశోధన ఆఫీసులోని ఎండుమొక్కల గదిలో ఆమెకు జిగురమ్మ అని పేరు. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆమె కూడా ఏనాడూ కాదనలేదు. కాదని ఏమంటుంది? ఇరవై మూడేళ్లుగా పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా ఆమె చేసే పని అదే. ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన మొక్కలను పాత న్యూస్ పేపర్ల మధ్య పెట్టి, చెక్క పలకల నడుమ బిగించి, తడి పోయేదాకా రోజూ కాగితాలు మార్చాలి. ఎండాక దళసరి తెల్ల అట్ట మీద పరిచి జిగురుతో అతికించాలి. కాడ లావుగా ఉంటే సూదీ దారంతో నాలుగు కుట్లు వెయ్యాలి. రాలిన రేకులుంటే చిన్న కాగితం పొట్లంలో పెట్టి అట్ట మూలన అంటించాలి. కింద చీటీలో మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, తెచ్చిన మనిషి పేరు రాయాలి. ఆ తర్వాత ఇనుప బీరువాలోకి. ఇంటికెళ్లి ఎంత తోముకున్నా వేళ్ల సందుల్లో జిగురు పోదు, బట్టల్లో కలరా ఉండల వాసన పోదు.

"ఏం ఉద్యోగం?" అని ఎవరైనా అడిగితే, "చచ్చినవాటికి సింగారం చేస్తుంటా" అనేది.

కానీ ఆమె వంటింట్లో ఒకటి బతికి ఉంది. ఉత్తరం కిటికీ గూట్లో, బోర్లించిన గిన్నెల వెనకాల, చెవి విరిగిన టీ కప్పులో. బయటి మనిషి కంటపడకుండా ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంది. దాని పేరు బండగిన్నె. మేక కూడా కాలు మోపలేని కొండచరియల్లో, బండ పగుళ్లలో పుట్టే మొక్క. చిటికెడు దుమ్ము దొరికితే అదే దానికి పొలం. లావుపాటి ఆకులను చుట్టూ పేర్చుకుని చిన్న గిన్నెలా కూర్చుంటుంది. రాత్రి కురిసిన మంచు బొట్లు పొద్దున అందులో నిలుస్తాయి. నెలల తరబడి నీళ్లు లేకపోయినా ఉలకదు పలకదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు కదా, ఆ బాపతు. అయితే ఇంత మొండిదానికీ ఒక్కచోట బలం లేదు. జన్మకు ఒక్కసారే పూస్తుంది, పూసి చచ్చిపోతుంది. పిలకలు పెట్టదు. రాలిన ఆకును మట్టిలో గుచ్చితే వారంలో ముడుచుకుపోతుంది. జిగురమ్మ ఆ ప్రయత్నం ఒకసారి కాదు, ఇరవైసార్లు చేసింది. దాని వంశానికి గింజ ఒక్కటే దిక్కు.

ఈ ఏడాది వేసవి చివర ఒక ఉదయం, కాఫీ గిన్నె తీద్దామని ఆమె చెయ్యి చాపితే, ఆకుల నడిమధ్యలో గోరంత ఎర్రమొగ్గ కనిపించింది.

"అయ్యో, అప్పుడేనా!" అంది పైకే. గిన్నె చేతిలోంచి జారి వంటగదంతా మోగింది. ఇరవై రెండేళ్లు కాచుకుని కూర్చున్న మనిషి అప్పుడేనా అనడమేమిటి అంటారా? కాచుకున్నది పూతకోసం కాదు. పూయకుండా ఉండాలని.

ఎందుకో తెలియాలంటే ఆమె పెనిమిటి సంగతి చెప్పుకోవాలి. ఆయనది అదే ఆఫీసులో కొండలెక్కి మొక్కలు తెచ్చే ఉద్యోగం. ఆ చురుకు చూసి తోటివాళ్లు ఉడుత అని పిలిచేవారు. నడుముకు తాడు కట్టుకుని చరియలోకి దిగితే, పైన తాడు పట్టుకోవడానికి ఒకే ఒక్క మనిషిని నమ్మేవాడు. ఆ మనిషికి తాడాయన అనే పేరు స్థిరపడింది. ఉడుతకు చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే, అక్క బట్టలు కుట్టి పెంచింది. తమ్ముడి భార్య ఆఫీసులో చేరబోతోందంటే, పక్కన కూర్చోబెట్టుకుని కుట్టు ముడి నేర్పింది కూడా ఆ అక్కే. "ముడి పైకి కనపడకూడదు, లాగితే ఊడకూడదు. అదీ ముడంటే" అనేది. వదినా మరదళ్లు నవ్వుకుంటూ కుట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు.

అంతకుముందు ఆ గదిలో పనిచేసిన ముసలాయన వెళ్లిపోతూ పదిహేను రోజుల్లో ఆమెకు పనంతా నేర్పాడు. ఒక్క మాట మాత్రం మూడుసార్లు చెప్పాడు. "అమ్మాయ్, కండ ఉన్న ఆకుల మొక్క వచ్చిందా, నొక్కే ముందు మరిగే నీళ్లలో ముంచు. ముప్పై లెక్కపెట్టు, తియ్యి. ముంచలేదో, అది చావదు. పలకల మధ్య, చీకట్లో, నెలల తరబడి బతికే ఉంటుంది. నువ్వు నొక్కుతుంటే అది పెరుగుతుంటుంది. ఆఖరికి ఆకులన్నీ రాల్చి, కుళ్లి, బూజు పట్టి మన పరువు తీస్తుంది."

ఆమె చేరిన మూడో నెలలో ఉడుత ఆరు బండగిన్నెలు తెచ్చాడు. ఆరూ పూతతో ఉన్నాయి. పూత ఉన్న బండగిన్నెను ఆ ఆఫీసులో అంతవరకు ఎవరూ చూడలేదు. జిగురమ్మ స్టవ్ మీద నీళ్లు పెట్టింది. నీళ్లు మరిగాయి. మొక్కను చేతిలోకి తీసుకుంది. పసుపుపచ్చటి పూలు, ఒక్కో రేకు మీద ఎర్రటి గీత. చెయ్యి ఆడలేదు. ప్రాణమున్న దాన్ని సలసల కాగే నీళ్లలో ఎలా ముంచడం? 'పలకల మధ్య ఎలాగూ పోతుంది, మళ్లీ ఈ బాధ కూడా ఎందుకు పాపం' అనుకుని స్టవ్ ఆపేసింది. ఆరింటినీ అలాగే నొక్కింది.

జాలి పడటం ఎంత తేలికో చూశారా! దాని ఫలితం అనుభవించేది మాత్రం ఎప్పుడూ వేరేవాళ్లే.

నలభై రోజుల తర్వాత పలకలు విప్పితే లోపల ఉన్నవి మొక్కలు కావు. కాడలు వెలుతురుకోసం వెతుక్కుంటూ కాగితాల అంచుల దాకా పాకి, పాలిపోయి, మెలికలు తిరిగాయి. ఆకులు రాలి నల్లటి ముద్దయ్యాయి. పూల చోట బూజు. జిగురమ్మ ఆ సాయంత్రం అన్నం ముట్టకుండా ఏడ్చింది. ఉడుత చూసి నవ్వాడు.

"ఓస్, ఇంతేనా? మళ్లీ తెస్తాలే. కొండ ఎక్కడికీ పోదుగా!"

పైవాళ్లకు తెలియకముందే తెచ్చి ఇస్తే భార్యకు మాట రాదని ఆయన తొందర. అప్పటికి వానలు పడుతున్నాయి. "రెండ్రోజులు ఆగరా, బండ తడిగా ఉంది" అని తాడాయన అన్నాడు. ఉడుత వినలేదు. తాడు తెగలేదు. తాడాయన చేతులు వదల్లేదు. కాలు జారి, తాడు చివర ఊగి, మనిషి బండకు కొట్టుకున్నాడు. నడుముకున్న సంచిలో మూడు బండగిన్నెలు, చొక్కా బొత్తాములంతటివి, పూత లేనివి, చిన్న గీత కూడా పడకుండా ఉన్నాయి.

ఆయన పోయిన నాలుగోరోజు జిగురమ్మ వదిన ఒళ్లో తల పెట్టుకుని ఉన్నదంతా చెప్పేసింది. నీళ్లు కాచడం, చెయ్యి రాకపోవడం, స్టవ్ ఆపెయ్యడం, అన్నీ. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని ఊరికే అనలేదు. ఆవిడ ఒళ్లోంచి ఆ తలను పక్కకు నెట్టి లేచింది.

"గిన్నెడు నీళ్లలో ముంచడానికి చేతులు రాలేదా నీకు? మొక్క మీద జాలి పడి నా తమ్ముణ్ని మింగావు. ఇక నీ మొహం నాకు చూపించకు."

చూపించలేదు. ఇద్దరిళ్లకూ మధ్య నాలుగు వీధులు. ఎదురుపడితే ఎవరో ఒకరు సందులోకి తిరిగిపోయేవారు. ఇరవై రెండేళ్లు ఇలాగే గడిచాయి. వదిన అన్న మాట అబద్ధమైతే జిగురమ్మ కోపం తెచ్చుకుని బతికేసేది. నిజం కాబట్టే ఆమెకు ఎదురుపోయే దారి లేకపోయింది.

ఆ సంచి ఆఫీసుకు చేరేసరికి అందులో రెండే మొక్కలున్నాయి. మూడోది దారిలో ఎక్కడో పడిపోయిందనుకుంది. ఒకదాన్ని మరిగే నీళ్లలో ముంచి, ముప్పై లెక్కపెట్టి, కన్నీళ్లు తుడుచుకోకుండానే నొక్కింది. చీటీలో తెచ్చినవారి పేరు దగ్గర ఆయన పేరు రాసి, కింద 'పూత లేదు' అని రాసింది. రెండోదాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది. ఆఫీసు మొక్కను ఇంటికి తేవడం దొంగతనమే. ఎవరైనా చూస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకే ఆ ఉత్తరం కిటికీ, ఆ గిన్నెల చాటు.

ఇప్పుడది మొగ్గ తొడిగింది. ఇక దాచి ఏం లాభం? చేతిసంచిలో టీ కప్పు పెట్టుకుని పెద్ద మేడమ్ గదికి వెళ్లింది. ఈ మేడమ్ నాలుగేళ్ల కిందట బదిలీ మీద వచ్చింది. మొక్కల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

కప్పు చూసి మేడమ్ కుర్చీలోంచి లేచిపోయింది. "ఇదెక్కడిదమ్మా?"

జిగురమ్మ అంతా చెప్పింది. "దొంగతనమే మేడమ్. ఏ శిక్షైనా వెయ్యండి. ఇంకో ఏడు నెలల్లో ఎలాగూ రిటైరవుతా. దీనికి గింజ పడేలా చెయ్యండి చాలు. ఇదొక్కటీ చేసిపెట్టండి."

మేడమ్ దొంగతనం మాట విననట్టే వదిలేసింది. "దీని పుప్పొడి దీనికి పనికిరాదమ్మా. వేరే మొక్క పువ్వు కావాలి. రెండూ ఒకేసారి పూయాలి."

"కొండమీద ఉంటాయిగా మేడమ్. ఎవరినైనా పంపితే..."

"ఏ కొండ?" అంది మేడమ్. ఆ అడగడంలో వెటకారం లేదు. "మీరటు వెళ్లి ఎన్నేళ్లయింది? నేను పోయిన ఏడాది కూడా వెళ్లాను. ఆ చరియ మొత్తం క్వారీవాళ్లు పేల్చేశారు. అక్కడిప్పుడు నీళ్లు నిండిన గొయ్యి ఉంది. చుట్టుపక్కల గుట్టలన్నీ వెతికించాను. బండగిన్నె అన్నది ఎక్కడా లేదు."

కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. వీళ్లు ఎలుకను కూడా పట్టలేదు, కంకర పట్టుకుపోయారు. ఆ కంకరతోనే ఊళ్లో కొత్త రోడ్డు పడింది. జిగురమ్మ రోజూ ఆఫీసుకు నడిచేది ఆ రోడ్డు మీదే. కొండ ఎక్కడికీ పోదన్న మనిషి మాట ఆ క్షణాన చెవుల్లో మోగి, ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

మొగ్గ విచ్చడానికి నెల పైన పడుతుందని మేడమ్ అంది. ఆ నెలలో ఇంకో బండగిన్నె దొరకాలి. దొరక్కపోతే ఆ మనిషి ఏ మొక్కకోసం ప్రాణం పోగొట్టుకున్నాడో ఆ మొక్క కూడా లోకంలో మిగలదు. జిగురమ్మకు తెలిసినదల్లా అంతే. శాస్త్రం సంగతి మేడమ్ చూసుకుంటుంది.

మూడో మొక్క గుర్తొచ్చింది. ఆరోజు సంచి మోసుకొచ్చినవాడు తాడాయన. వెతుక్కుంటూ వెళ్లింది. మోకాళ్లు అరిగిపోయి, వరండాలో కూర్చుని ప్లాస్టిక్ వైరుతో కుర్చీలు అల్లుకుంటున్నాడు. ఆ చేతులు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి.

"అన్నయ్యా, ఆరోజు సంచిలో మూడుండాలి. నాకు రెండే అందాయి."

తాడాయన వైరు లాగడం ఆపాడు.

"మీ వదిన ఆస్పత్రికి వచ్చిందమ్మా. వాడి చేతులు పట్టుకుని వదల్లేదు. 'వీడు ఆఖర్న ముట్టుకున్నదేదైనా ఇవ్వరా' అంది. నా దగ్గరేముంది? సంచిలోంచి ఒకటి తీసి ఇచ్చా. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు."

"ఉందా అది? బతికుందా?"

"నేనెప్పుడూ అడగలేదు చెల్లెమ్మా. ఆవిణ్ని ఏమైనా అడగాలంటే నాకు భయం. తాడు నా చేతిలోనే ఉందిగా ఆరోజు."

ఆమె ఇంటికి పోలేదు, అటునుంచటే వదిన ఇంటికి నడిచింది. కాళ్లు తొందరపెడుతున్నాయి, గుండె వెనక్కి లాగుతోంది. ఒకటి ఉంది! ఉంటే చాలు. ఒకే చరియ మీద, ఒకే రోజు, ఒకే సంచిలో పడ్డవి. ఇది మొగ్గ వేసిందంటే అదీ వేసే ఉంటుంది. వదిన తిడితే పడదాం, కొడితే కొట్టించుకుందాం. ఇరవై రెండేళ్లలో మొదటిసారి జిగురమ్మకు ఆశ పుట్టింది. దాని మొహం మండ, ఆశకు సమయం సందర్భం ఏమైనా ఉంటుందా?

వదిన ముందుగదిలో మిషన్ తొక్కుతోంది. పక్కన తలగడ గలేబుల కుప్ప. జుట్టు తెల్లబడింది. కళ్లద్దాలు దారంతో చెవులకు కట్టుకుంది. గుమ్మంలో నీడ చూసి, "ఎవరూ?" అంది.

"నేను వదినా."

మిషన్ ఆగలేదు. చేతిలో ఉన్న గలేబు నాలుగంచులూ పూర్తయ్యాయి. దారం తెంపి, మడత పెట్టి, కుప్ప మీద వేసి, అప్పుడు అడిగింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. నా దగ్గర ఒక బండగిన్నె ఉంది. ఆయన సంచిలోది. మొగ్గ వేసింది. పూస్తే చచ్చిపోతుంది వదినా. ఇంకోటి పక్కన పూస్తేనే దానికి గింజ పడుతుంది. కొండ లేదంట. మీ దగ్గర ఒకటుందని అన్నయ్య చెప్పాడు."

వదిన ఆమె మొహం వైపు చూసింది. ఇన్నేళ్లకు చూసింది. లేచి, గోడ పట్టుకుని డాబా మెట్లెక్కింది. జిగురమ్మ వెనకాలే ఎక్కింది.

పిట్టగోడ మీద ఒక మట్టికుండీ. అందులో పుల్ల పాతి ఉంది. పుల్లకు ఎర్రదారంతో, లాగితే ఊడని ముడితో, జానెడు ఎండుకాడ కట్టి ఉంది. కాడ మొదలు దగ్గర నల్లగా ముడుచుకుపోయిన ఆకుల గుర్తు.

"మూడేళ్లయింది" అంది వదిన. "కొండమీద పుట్టిందిగా, ఎండ కావాలేమోనని ఇక్కడ పెట్టా. వాన పడితే తాగింది, లేకపోతే లేదు. ఒకరోజు చూస్తే మొగ్గ. ఆ తర్వాత కుండీ కనపడకుండా పూసింది. పసుపుపచ్చటి పూలు. వాడే వచ్చి కూర్చున్నట్టనిపించింది. నెల తిరక్కుండా పోయింది."

మళ్లీ ఆవిడే అడిగింది. "నీదెక్కడ పెట్టావు?"

"వంటింట్లో. ఉత్తరం కిటికీలో, గిన్నెల వెనక."

"ఎండ?"

"తగల్లేదు."

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. రెండూ ఒకే రోజు తెచ్చినవి, ఒకే ఈడువి. అక్కడ ఎండ తగిలింది కాబట్టి ముందు పూసింది. ఇక్కడ భయపడి చాటున దాచింది కాబట్టి మూడేళ్లు ఆలస్యమైంది. వెలుతుర్లో పెట్టి ఉంటే రెండూ కలిసి పూసేవి. జిగురమ్మ తల దించుకుంది. వదిన నోరు తెరవడం చూసింది. ఆ నోట ఏమొస్తుందో ఆమెకు తెలుసు. రావాలని కూడా అనిపించింది.

రాలేదు. వదిన పిట్టగోడ మీద చతికిలబడింది.

"పూసినప్పుడు నీ గుమ్మం దాకా వచ్చాను" అంది. "కుండీ చంకన పెట్టుకుని నాలుగు వీధులూ నడిచాను. నీకు చూపిద్దాం, నువ్వు కూడా ఏడ్చావు కదా అని. గుమ్మం దగ్గరికొచ్చేసరికి లోపల నువ్వెవరితోనో నవ్వుతున్నావు. గట్టిగా. నా తమ్ముడు లేని ఇంట్లో ఆ నవ్వేంటని ఒళ్లు మండిపోయింది. తలుపు కొట్టకుండానే తిరిగొచ్చేశా."

ఏ సాయంత్రం? ఏ పక్కింటావిడతో? ఏ మాటకు? జిగురమ్మ ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. అన్నేళ్లలో తను అంత గట్టిగా నవ్వింది అసలు ఎన్నిసార్లు కనుక!

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనిషికి అలవాటే కాబట్టి, మర్నాడు ఇద్దరూ ఆ ఎండుకాడ తీసుకుని మేడమ్ దగ్గరికి వెళ్లారు. ఒక్క గింజైనా ఉండదా అని. మేడమ్ తెల్లకాగితం మీద ఒక్కో ఎండుకాయనూ సూదితో విప్పి, భూతద్దంలో చూసింది. దుమ్ము. ఇంకోటి విప్పింది. దుమ్ము. ముప్పై ఎనిమిది కాయలు విప్పేదాకా ముగ్గురూ గుడ్లప్పగించి చూశారు.

"ప్చ్. మూడేళ్ల కిందట ఇది పూసినప్పుడు నాకు చెప్పి ఉండాల్సిందమ్మా" అంది మేడమ్, పాపం ఆమెకేం తెలుసు. "అప్పటికి నేనిక్కడే ఉన్నాను. పుప్పొడి తీసి ఆరబెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేదాన్ని. జాగ్రత్తగా దాస్తే ఐదేళ్లైనా ఉంటుంది. ఇప్పుడు మీ పువ్వు మీద చల్లితే సరిపోయేది."

వదిన గొంతు తగ్గిపోయింది. "అంటే, ఆరోజు నేను తలుపు కొట్టి ఉంటే?"

మేడమ్ ఇద్దరి మొహాలూ చూసి మాట మింగేసింది. "అలాగని కచ్చితంగా చెప్పలేం లెండి" అని ఏదో అంది. ఎవరూ వినలేదు.

ఇప్పుడు అనే వంతు జిగురమ్మది. ఇరవై రెండేళ్ల కిందట తనకు తగిలిన మాట వదినకు తిప్పి కొట్టవచ్చు. కొడితే న్యాయమే. ఆమె ఆ మాట నోట్లోకి రానివ్వలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు ఎలా ఉంటుందో ఆమెకు తెలియనిది కాదు. ఇద్దరూ కొత్త రోడ్డు మీద ఇంటిదాకా నడిచారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోలేదు. ఓదార్చుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ మిగల్లేదు.

నెల తర్వాత బండగిన్నె పూసింది. కింద నుంచి పైకి, రోజుకు మూడు నాలుగు చొప్పున, పసుపుపచ్చటి పూలు, రేకు మీద ఎర్రగీత. మేడమ్ దాన్ని తన గది దక్షిణం కిటికీలో పెట్టి, సన్నటి కుంచెతో దాని పుప్పొడి దానికే రోజూ అద్దింది. పనికిరాదని తెలిసే అద్దింది. ఆకు ముక్క నుంచి మొక్క పుట్టిస్తారేమోనని, ఒకచోట ఆకు తుంచి దూరాన ఉన్న పెద్ద లాబ్‌కు సీసాలో పంపింది. అది బూజు పట్టిందని పదో రోజున కబురొచ్చింది. వదిన మిషన్ పని మానుకుని రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేది. పువ్వు వైపే చూసేది. వాడిన పువ్వుల కింద కాయ ఉబ్బుతుందేమోనని జిగురమ్మ గంటకోసారి వేలితో తడిమేది. ఉబ్బలేదు. ఒక్కొక్కటే పసుపుబారి, నొక్కితే గుల్లగా చప్పుడై, రాలిపోయాయి.

పైన ఏడు పూలు మిగిలినప్పుడు మేడమ్ పిలిచింది.

"ఇక లాభం లేదమ్మా. ఇవి కూడా వాడిపోతే మన దగ్గర పూత ఉన్న అట్ట ఒక్కటీ ఉండదు. ఇలాంటిదొకటి ఉండేదని రేపు ఎవరికైనా చూపించాలంటే ఇప్పుడే నొక్కాలి. ఇంకొకరికి ఇవ్వలేను. మీరే చెయ్యాలి."

జిగురమ్మ స్టవ్ మీద నీళ్లు పెట్టింది. అదే బల్ల, అదే గిన్నె. మొక్కను వేళ్ల మట్టి దులిపి చేతిలోకి తీసుకుంది. బరువుగా ఉంది. ఆకులు చల్లగా, నిండుగా, నొక్కితే ఎదురు నొక్కుతున్నాయి. ఇంకా నాలుగు వారాలు బతకగల మొక్క.

"నేను పట్టుకోనా?" అంది వదిన.

"వద్దు వదినా. ఇది నా పని."

ముంచింది. వదిన పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పదికి ఆకుల రంగు మారింది. ఇరవైకి బిగువు పోయింది. ఇరవై ఐదు దగ్గర వదిన ఆగిపోతే, మిగిలిన అయిదూ జిగురమ్మ లెక్కపెట్టింది. తీసి, తడి అద్ది, రేకులు విప్పి పరిచి, పలకలు బిగించింది.

కాగితాలు రోజుకోసారి మారిస్తే సరిపోతుంది. ఆమె రోజుకు నాలుగుసార్లు విప్పింది. మేడమ్ చూసి, "ఎందుకమ్మా అన్నిసార్లు?" అంటే, "తడి ఎక్కువుంది మేడమ్" అంది. తడి లేదు. కాడ అర అంగుళమైనా సాగిందేమో, ఆకు అంచున ఎక్కడైనా పచ్చదనం మిగిలిందేమో చూసుకునేది. మరిగే నీళ్లను కూడా తట్టుకుని మొండికేసి ఉండకూడదా అని. వదిన కూడా పక్కనే నిలబడి కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసేది. "సాగిందంటావా?" అనేది. "లేదు వదినా" అనేది జిగురమ్మ. మళ్లీ బిగించేవారు.

ఇరవయ్యో రోజుకు అట్ట ఎక్కించారు. జిగురమ్మ సూదిలో దారం ఎక్కించి ఇస్తే, వదిన కాడకు నాలుగు కుట్లు వేసి, వెనకవైపు ముడి వేసింది. మూడేళ్ల కిందటి ఎండుకాడను పొట్లంలో పెట్టి అట్ట మూలన అంటించారు. చీటీలో తెచ్చినవారి పేరు దగ్గర జిగురమ్మ ఆయన పేరే రాసింది. తేదీ దగ్గర ఆయన పోయిన రోజు వేసింది. కింద 'పూత ఉంది' అని రాసింది.

బీరువాలో పెట్టబోతూ ఆఖరిసారి అట్టను వెలుతురుకు ఎత్తి చూసింది. ఒక్క ఆకు కూడా రాలలేదు. ముసలాయన చెప్పినట్టే చక్కగా ఎండింది.